దారిలో బండి ఆగితే మొదటి ఫోన్ ఎవరికి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు విషయం తెలుస్తుంది. రాత్రి హైవే మీద మీ కారు ఆగిపోయింది. కారు పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్, అంటే దారిలో బండి ఆగితే సాయం అందే అదనపు కవరేజీ, తీసుకున్నట్టు గుర్తుంది కానీ నంబరు చేతికి దొరకలేదు. అంతలో ఒక టోయింగ్ బండి దానంతట అదే వచ్చి ఆగితే, దాని మీదే కారు ఎక్కించి గ్యారేజీకి చేర్చారు. తర్వాత ఆ బిల్లు పంపిస్తే కంపెనీ ఇవ్వనంది. వాళ్లు అలా అనొచ్చా, ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేయాలి, వాడుకుంటే ప్రీమియం పెరుగుతుందా అని మీ మూడు సందేహాలు.

నేను పదకొండేళ్లు ఒక బీమా సంస్థ అసిస్టెన్స్ డెస్క్‌లో ఫోన్లు ఎత్తాను, ఎక్కువగా రాత్రి షిఫ్టులు. ఆ తర్వాత మోటార్ క్లెయిముల విభాగానికి మారాను. అందువల్ల ఫోన్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో, ఆ బిల్లు తర్వాత ఎవరి బల్ల మీదకు వెళ్తుందో రెండూ చూశాను.

మొదటి సందేహానికి జవాబు మీ పాలసీలో ఉన్నది ఏ రకం రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్నదాని మీద ఉంటుంది. ఇవి రెండు రకాలు. ఒక రకంలో మీరు ఫోన్ చేస్తే కంపెనీయే మనిషిని, బండిని పంపుతుంది. వాళ్లకు డబ్బు కంపెనీ నేరుగా ఇస్తుంది, మీ జేబులోంచి ఏమీ పోదు. రెండో రకంలో మీరే ఎవరినో ఒకరిని పిలిపించుకుని డబ్బు కట్టి, తర్వాత బిల్లు పెట్టి ఒక పరిమితి వరకు వెనక్కి తెచ్చుకుంటారు. పాత పాలసీల్లో టోయింగ్, లేబర్ ఖర్చులు అనే పేరుతో ఉండేది ఈ రెండో రకమే. మొదటి రకం పాలసీలో దాదాపు ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: కంపెనీ పంపిన సర్వీసుకు మాత్రమే వర్తిస్తుంది, లేదా ముందస్తు అనుమతి లేకుండా పెట్టిన ఖర్చు చెల్లించం అని. మీ పాలసీలో ఆ వాక్యం ఉంటే వాళ్లు కాదనడం కాగితం ప్రకారం సరైనదే. చెప్పడానికి నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆ సమయంలో మీరు చేసిన పని ఎవరైనా చేసేదే.

కానీ అంతటితో వదిలేయకండి. తిరస్కరించినట్టు రాతపూర్వకంగా, ఏ నిబంధన కింద తిరస్కరించారో ఆ నిబంధన సంఖ్యతో సహా ఇవ్వమని అడగండి. ఫోన్‌లో చెప్పిన కాదు వేరు, కాగితం మీద సంతకం పెట్టి చెప్పాల్సిన కాదు వేరు. నేను క్లెయిముల్లో ఉండగా, నిబంధన చూపించమని అడిగితే ఫైలు మళ్లీ తెరిచి చూసి, ఇది డబ్బు వెనక్కి ఇచ్చే రకం పాలసీ అని తేలిన సందర్భాలు ఉన్నాయి. డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు అన్ని పాలసీల పాఠం గుర్తుండదు. మీ బిల్లు మీద బండి రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సమయం, ఎక్కడ ఎక్కించారు, ఎక్కడ దింపారు, ఎన్ని కిలోమీటర్లు, ఎందుకు ఆగింది అన్నవి లేకపోతే టోయింగ్ వాళ్ల దగ్గర మళ్లీ రాయించుకోండి. ఒట్టి మొత్తం మాత్రమే రాసిన చీటీని ఏ క్లెయిముల మనిషీ పాస్ చేయలేడు. రోడ్డుకు అడ్డంగా ఉందని పోలీసులే బండిని తీయించి ఉంటే పరిస్థితి వేరు. ఆ ఎంట్రీ కాపీ జతచేయండి, అప్పుడు ముందస్తు అనుమతి తీసుకునే వీలు మీకు లేదని చూపించవచ్చు.

దానంతట అదే వచ్చి ఆగిన బండి గురించి ఒక్క మాట. వాళ్లందరూ మోసగాళ్లని అనను. అయితే పిలవకుండా వచ్చిన టో బండికి మీ కంపెనీతో ఏ ఒప్పందమూ ఉండదు. రేటు వాళ్లిష్టం, దింపే చోటు వాళ్లిష్టం. ముఖ్యంగా యాక్సిడెంట్ అయిన చోట ఒక ఫారం చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. అందులో బండిని తమ యార్డులో ఉంచడానికి, రోజువారీ అద్దె వసూలు చేయడానికి మీరు ఒప్పుకున్నట్టు ఉంటుంది. టోయింగ్ బిల్లుకన్నా యార్డు అద్దె ఎక్కువైన ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. చీకట్లో, వణికే చేతులతో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇక ఇంకోసారి ఎలా అన్న మీ అసలు ప్రశ్న. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదే: ఈ కవరేజీ పనికొచ్చిందా లేదా అన్నది చాలావరకు మొదటి ఫోన్‌లోనే తేలిపోతుంది. ఎవరికి చేశారు, ఏం చెప్పారు అన్న రెండింటి మీదే మిగతా అంతా నడుస్తుంది.

ఒక మినహాయింపు మాత్రం అన్నిటికన్నా ముందు. బండి నడిచే లేన్‌లోనే ఆగిపోయి, పక్కకు జరపలేకపోతే మొదటి ఫోన్ అసిస్టెన్స్‌కు కాదు, పోలీసు అత్యవసర నంబరుకు. ఎవరికైనా దెబ్బ తగిలినా, పొగ వస్తున్నా అంతే. అసిస్టెన్స్ డెస్క్ ట్రాఫిక్‌ను ఆపలేదు. బండి రోడ్డు అంచుకు చేరగలిగితే హజార్డ్ లైట్లు వేసి, వాహనాలు పోయే వైపు కాకుండా అవతలి వైపు తలుపులోంచి దిగి, క్రాష్ బ్యారియర్ ఉంటే దాని అవతలికి వెళ్లి నిలబడండి. పిల్లలను కారులో కూర్చోబెట్టి మీరు బయట ఫోన్ మాట్లాడకండి. అంచున ఆగిన కారును వెనక నుంచి వచ్చిన లారీ గుద్దే ప్రమాదం నిజమైనది, అప్పుడు లోపల ఉన్నవాళ్లకే దెబ్బ. మెరిసే హెచ్చరిక త్రికోణం పెట్టడానికి వెనక్కి నడవాలి కాబట్టి, వేగంగా వాహనాలు వచ్చే చోట ఆ నడకే ప్రమాదమైతే త్రికోణాన్ని వదిలేయండి. ఆగిన కారుకూ దాన్ని లాగడానికి వచ్చిన బండికీ మధ్య మాత్రం ఎప్పుడూ నిలబడవద్దు.

క్షేమంగా నిలబడ్డాక ఫోన్. చాలామంది పాలసీ మీద కనిపించే మొదటి నంబరుకు చేస్తారు, అది క్లెయిముల నంబరు. అసిస్టెన్స్ నంబరు సాధారణంగా వేరేగా ఉంటుంది, ఇరవై నాలుగు గంటలూ ఎత్తేది అదే. పాలసీ షెడ్యూల్‌లో యాడ్-ఆన్‌ల దగ్గర గానీ, కంపెనీ యాప్‌లో గానీ దొరుకుతుంది. దాన్ని ఫోన్‌లో దాచుకోవడంతో పాటు ఒక కాగితం మీద పాలసీ నంబరుతో కలిపి రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. బండి ఆగిన రోజునే ఫోన్ చార్జింగ్ కూడా అయిపోతుందని నాకు వచ్చిన కాల్స్‌లో ఎన్నోసార్లు చూశాను. పక్కవాళ్ల ఫోన్ నుంచి చేసి, పాలసీ నంబరు చెప్పలేక అవస్థ పడేవాళ్లు.

డెస్క్ మనిషి అడిగేవాటిలో చోటు మొదటిది. ఫలానా ఊరు దాటాక అంటే చాలదు. ఏ రోడ్డు, ఎటు వెళ్లే వైపు, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఏముంది, ఫ్లైఓవర్ పైనా కిందా? మధ్యలో డివైడర్ ఉన్న హైవే మీద దిక్కు తప్పు చెబితే వచ్చిన బండి అవతలి వైపు ఆగి మిమ్మల్ని చూస్తుంది, మళ్లీ చాలా దూరం వెళ్లి తిరిగి రావాలి. వీలైతే మ్యాప్ లొకేషన్ పంపండి. ఒంటరిగా ఉన్నా, చిన్నపిల్లలు ఉన్నా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా అది కూడా చెప్పండి. అడిగితేనే చెబుదామని ఆగొద్దు. ఎవరి దగ్గరికి ముందు పంపాలో తేల్చుకునేటప్పుడు మేము చూసేది ఆ మాటలనే.

తర్వాత, బండికి ఏమైందన్నది. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను. బండి స్టార్ట్ అవ్వడం లేదు అనే ఒక్క మాట వెనక కనీసం మూడు వేరు వేరు జబ్బులు ఉంటాయి. సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడు వచ్చి డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే బ్యాటరీ బలహీనపడింది, జంప్ స్టార్ట్‌తో, అంటే ఇంకో బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు ఇస్తే, లేచే అవకాశం ఎక్కువ. సెల్ఫ్ మామూలు వేగంతోనే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదంటే తప్పు బ్యాటరీది కాదు, ఇంధనం దగ్గరో ఇగ్నిషన్ దగ్గరో. దానికి ఎన్ని జంప్‌లు ఇచ్చినా లాభం లేదు, టోయింగే కావాలి. అసలు ఏ చప్పుడూ లేకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండొచ్చు, టెర్మినల్ వదులై ఉండొచ్చు, ఆటోమేటిక్ బండి అయితే గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో లేకపోయి ఉండొచ్చు. మీరు స్టార్ట్ అవ్వడం లేదని మాత్రమే చెబితే డెస్క్ మనిషి ముందు జంపర్ కేబుళ్లతో బైకు మీద ఒకరిని పంపుతాడు. అతను వచ్చి ప్రయత్నించి కాదన్నాక టో బండి బయల్దేరుతుంది. ఆ రెండు నిరీక్షణలు ఒకటవ్వడం మీరు విన్న చప్పుడును వర్ణించడం మీద ఆధారపడి ఉంటుంది.

వోల్ట్ మీటరు ఉన్నవాళ్లకు ఒక లెక్క: మామూలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 చూపిస్తుంది. 12.2 దగ్గరకు వస్తే సగం మిగిలినట్టు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఇంచుమించు 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. నడుస్తూ కూడా 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదు. అలాంటి బండికి జంప్ ఇచ్చి పంపేస్తే కొన్ని కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆగుతుంది. అందుకే వచ్చిన మెకానిక్ బండి స్టార్ట్ చేసి వెళ్లబోతుంటే, చార్జింగ్ చూసి చెప్పమని అడగండి. ఒక నిమిషం పని. అతను వెళ్లిపోయాక మళ్లీ ఆగితే అది రెండో కాల్ కింద లెక్కపడొచ్చు, ఏడాదికి ఇన్నిసార్లే అన్న పరిమితి ఉన్న పాలసీలో అది నష్టం.

పక్క కారు నుంచి మీరే జంప్ ఇచ్చుకునే పని అయితే క్రమం తప్పకండి. ఎర్ర క్లిప్పు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో ఎర్ర క్లిప్పు మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి నల్ల క్లిప్పు దిగిపోయిన బండి ఇంజిన్ మీద రంగు వేయని లోహానికి. ఆఖరి క్లిప్పు తగిలించేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు కాబట్టి ఆ రవ్వను దూరంగా ఉంచడానికే ఇంజిన్ లోహం.

టైరు పంచరైతే స్టెప్నీ మారుస్తారు, అంతే. పంచరు వేయించడం, కొత్త టైరు కొనడం మీ ఖర్చు. ఫోన్ చేసే ముందే డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందా, అందులో గాలి ఉందా చూడండి. ఈమధ్య వచ్చే చాలా కార్లలో స్టెప్నీ బదులు గాలి పంపూ, టైరులో పోసే జిగురు సీసా ఉంటున్నాయి. టైరు పక్కగోడ చిరిగితే ఆ జిగురు పనిచేయదు, అంటే మీకు కావలసింది టైరు మార్పు కాదు, టోయింగ్. సన్నటి టెంపరరీ స్టెప్నీ అయితే గాలి మామూలు టైరు కన్నా చాలా ఎక్కువ, 60 పీఎస్ఐ వరకు ఉండాలి, గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ రెండూ దాని మీదే అచ్చువేసి ఉంటాయి. ఇంకొకటి, అల్లాయ్ చక్రాలకు దొంగల భయంతో లాక్ నట్లు బిగిస్తారు. వాటిని విప్పే చిన్న తాళం సాకెట్ బండిలో లేకపోతే వచ్చిన మనిషి చేతులు కట్టేసినట్టే. కుటుంబంతో ఉన్న ఒకాయన దగ్గరికి రాత్రి రెండు గంటలకు మనిషిని పంపాను. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, ఆ సాకెట్ మాత్రం సర్వీసుకు ఇచ్చినప్పుడు గ్యారేజీలోనే ఉండిపోయింది. చివరికి నాలుగు చక్రాలూ పైకెత్తి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఈ వారంలో మీ బండి టూల్ కిట్ ఒకసారి తెరిచి చూడండి.

బండి నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ మళ్లీ కొట్టకండి. సిలిండర్లలోకి నీరు చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్రోలు బండిలో డీజిలు, డీజిలు బండిలో పెట్రోలు పోయిస్తే తాళం కూడా తిప్పకండి. తాళం ఆన్ చేస్తే చాలు, చాలా బండ్లలో ఇంధన పంపు ఆ తప్పుడు ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ జరిగింది జరిగినట్టు డెస్క్‌కు చెప్పాలి. సిగ్గుపడి, ఊరికే ఆగిపోయిందండీ అంటే జంప్ స్టార్ట్ మనిషి వస్తాడు, అతను సెల్ఫ్ కొట్టి చూస్తాడు, ఉన్న నష్టం పెద్దదవుతుంది. ఇంజిన్ వేడెక్కి ఆగితే రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. ఒత్తిడి కింద ఆ నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులవగానే మీ చేతుల మీదకు ఆవిరై చిమ్ముతుంది.

యాక్సిడెంట్ అయితే మాత్రం దారి వేరు. గుద్దుకుని ఆగిన బండి టోయింగ్ సాధారణంగా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కిందకు రాదు, బండికి జరిగిన నష్టం చూసే ప్రధాన పాలసీ కిందకు వస్తుంది. అదే నంబరుకు చేసినా యాక్సిడెంట్ అనే చెప్పండి. క్లెయిమ్ పడుతుందన్న భయంతో బ్రేక్‌డౌన్ అని చెప్పి, తర్వాత బంపర్, రేడియేటర్ మార్పిడికి క్లెయిమ్ పెడితే, మొదటి కాల్ రికార్డులో ఉన్న మాటే మీకు అడ్డొస్తుంది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేని మంచి మనుషులు ఈ ఒక్క మాట వల్ల నెలల తరబడి వివరణలు రాయడం చూశాను.

టోయింగ్ అని తేలాక మీరు చెప్పి తీరాల్సినవి: గేర్లు ఆటోమేటిక్కా మాన్యువలా, ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనా వెనక చక్రాలనా నాలుగింటినా, బండి ఎలక్ట్రిక్కా, చక్రాలన్నీ తిరుగుతున్నాయా. ముందు భాగాన్ని పైకెత్తి వెనక చక్రాల మీద ఈడ్చుకెళ్లే టో బండి ముందు చక్రాలతో నడిచే కారుకు సరిపోతుంది. నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగే బండిని అలా లాగితే, నేల మీద తిరిగే చక్రాలకూ ఆగి ఉన్న చక్రాలకూ మధ్య లోపలి భాగాలు నలిగిపోతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు నూనె అందించే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి, దానికి కలిసిన చక్రాలు మాత్రం రోడ్డు మీద దొర్లుతుంటే గేర్‌బాక్స్ నూనె లేకుండానే అరుగుతుంది. ఎలక్ట్రిక్ కారులో చక్రాలు దొర్లితే మోటారు జనరేటర్‌లా విద్యుత్తు పుట్టిస్తుంది, దానివల్ల ఎలక్ట్రానిక్స్ పాడవ్వొచ్చు. వీటన్నిటికీ ఫ్లాట్‌బెడ్, అంటే కారు మొత్తం ఎక్కే బల్లలాంటి బండి కావాలి. కారుతో వచ్చిన పుస్తకంలో టోయింగ్ పేజీ ఉంటుంది, దానికి ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. తప్పు పద్ధతిలో లాగబోయిన డ్రైవరుకు ఆ పేజీ చూపిస్తే వాదన ఉండదు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఇంకో మాట. పెద్ద బ్యాటరీలో చార్జింగ్ ఉన్నా కారు అసలు కదలకపోవడం, తలుపులు కూడా తెరుచుకోకపోవడం జరుగుతుంది. చాలాసార్లు కారణం అందులో విడిగా ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది దిగితే పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్‌లు పడవు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ కూడా విడవదు. కారు స్క్రీన్ వెలుగుతోందా లేదా అన్నది ఫోన్‌లో చెప్పండి. వెలగకపోతే ముందు చిన్న బ్యాటరీకి కరెంటు ఇచ్చే మనిషి కావాలి, లేదా జామ్ అయిన చక్రాల కింద పెట్టే చిన్న ట్రాలీలతో ఫ్లాట్‌బెడ్ రావాలి.

బండి బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఉంటే పైకప్పు ఎత్తు చెప్పండి. ఫ్లాట్‌బెడ్ ర్యాంపు దగ్గరే ఆగిపోయి, చిన్న బండి కోసం మళ్లీ గంటలు ఎదురుచూసిన కాల్స్ నాకు ఎన్ని వచ్చాయో.

రోడ్డు పక్క గోతిలోకో బురదలోకో దిగిన కారును పైకి లాగడం, ఆగిన కారును గ్యారేజీకి మోసుకెళ్లడం పాలసీలో రెండు వేరు వేరు పనులు. 1916లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, చాటనూగాలో గ్యారేజీ నడిపే ఎర్నెస్ట్ హోమ్స్ ఒక కారు మీద క్రేన్, గొలుసు అమర్చి మొదటి టో బండి తయారుచేశాడు. వాగులో బోల్తాపడిన కారును తాళ్లతో బయటకు తీయడానికి మనుషులు పడ్డ కష్టం చూసి వచ్చిన ఆలోచన అది. అంటే ఈ వృత్తి పుట్టిందే పైకి లాగడం కోసం. ఇవాళ పాలసీల్లో మాత్రం బండి రోడ్డుకు ఇంత దూరంలోపు ఉంటేనే లాగుతాం, ఒక్క బండితో అయ్యే పనైతేనే చేస్తాం అన్న షరతులు ఉంటాయి. పొలంలోకి దూసుకెళ్లినా, ఇసుకలో దిగినా ముందే అడిగి తెలుసుకోండి.

టోయింగ్ దూరం దగ్గర రెండు ప్రశ్నలు తప్పకుండా వేయండి. ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం, ఆ లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుంది? కొన్ని పాలసీల్లో మీ బండి ఉన్న చోటు నుంచి గ్యారేజీ వరకు, కొన్నింట్లో టో బండి బయల్దేరిన చోటు నుంచి. కొన్నింట్లో దూరం లేదు, దగ్గర్లోని రిపేరు చేయగల గ్యారేజీ అనే మాట మాత్రమే ఉంటుంది. మీకు నమ్మకమున్న గ్యారేజీ దానికన్నా దూరమైతే మిగిలిన కిలోమీటర్లకు మీరు కట్టాలి. ఆ రేటు బండి ఎక్కించక ముందే అడిగి, మెసేజ్‌లో తెప్పించుకోండి.

దీనికన్నా ఎక్కువమంది పడే ఇబ్బంది ఇంకొకటి. ఒక ఘటనకు ఒకే టోయింగ్. రాత్రి గ్యారేజీ మూసి ఉందని కారును ఇంటికి దింపించుకుంటే, పొద్దున ఇంటి నుంచి గ్యారేజీకి తీసుకెళ్లేది రెండో టోయింగ్. అది మీ ఖర్చులోనో, ఏడాది కోటాలోనో పడుతుంది. నా సలహా, ఎక్కడ దింపాలో ఫోన్‌లో ఉండగానే తేల్చుకోండి. రాత్రి కాపలా మనిషి ఉండి బండి దింపుకునే గ్యారేజీ ఒకటి ముందే తెలుసుకుని ఉంచుకుంటే మంచిది. లేకపోతే, రోడ్డు మీద ప్రమాదం లేని చోట బండి ఉంటే, పొద్దున్నే ఒకేసారి గ్యారేజీకి తీసుకెళ్లమని సమయం పెట్టించుకోవచ్చు. హైవే అంచున మాత్రం ఆ లెక్కలు చూసుకోకండి, బండిని అక్కడి నుంచి తీయించేయండి.

మనిషి వచ్చాక అతను మీకోసమే వచ్చాడా చూడండి. కంపెనీ నుంచి వచ్చిన మెసేజ్‌లో జాబ్ నంబరు, బండి నంబరు ఉంటాయి. జాబ్ నంబరు మీరు చెప్పకుండా, అతన్నే చెప్పమనండి. కారును తాకే ముందు నాలుగు వైపులా, కిలోమీటర్ల రీడింగ్, చక్రాలు ఫొటోలు తీయండి. కొక్కెం ఎక్కడ తగిలించాడో కూడా. ముందు బంపర్‌లో చిన్న మూత తీస్తే స్క్రూలా తిప్పి బిగించే టోయింగ్ కొక్కెం చాలా కార్లలో టూల్ కిట్‌తో ఉంటుంది, అది వాడమనండి. సస్పెన్షన్‌కో బంపర్ కడ్డీకో గొలుసు వేసి లాగడం నేను ఫైళ్లలో చూసిన నష్టాలకు పెద్ద కారణం. ఒకావిడ బంపర్ విరిగితే, ఫొటోలు లేవు కాబట్టి ముందే విరిగి ఉందని టోయింగ్ వాళ్లు రాసిచ్చారు. ఆమె చెప్పేది నిజమని నాకు అనిపించింది, కానీ చూపించడానికి ఏదీ లేక ఆ క్లెయిమ్ నిలబడలేదు. దింపాక మళ్లీ ఫొటోలు తీసి, తేడా ఉంటే బండివాళ్లు వెళ్లకముందే చీటీ మీద రాయించండి.

చెప్పిన సమయానికి ఎవరూ రాలేదనుకోండి. మళ్లీ ఫోన్ చేసి ఈ మాట అడగండి: మీరు పంపలేకపోతే నేనే ఒకరిని పిలిపించుకుంటాను, ఆ ఖర్చు ఇస్తామని మెసేజ్ పంపండి. నోటిమాట చాలదు. మెసేజో ఈమెయిలో రావాలి, మాట్లాడిన మనిషి పేరు, సమయం, రిఫరెన్స్ నంబరు మీ దగ్గర ఉండాలి. అది ఉంటే మీరు పిలిపించుకున్న బండికీ డబ్బు వస్తుంది. మీ విషయంలో లోపించింది ఇదొక్కటే. ఆ రాత్రి కంపెనీ నంబర్లలో దేనికైనా ప్రయత్నించి కలవకపోయి ఉంటే ఆ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ అప్పీలుకు జతచేయండి, ప్రయత్నించారని చూపించడానికి పనికొస్తుంది.

ప్రీమియం సంగతి. కంపెనీ ఈ కాల్స్‌ను సేవగా లెక్కిస్తే క్లెయిమ్ చరిత్రలోకి రావు, క్లెయిమ్ పెట్టని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిమ్ తగ్గింపు కదలదు. క్లెయిమ్‌గా నమోదు చేసే కంపెనీలూ ఉన్నాయి, డబ్బు వెనక్కి ఇచ్చే రకంలో ఇది ఎక్కువ. బండి ఆగిన రాత్రి కాదు, ఇవాళే కంపెనీకి ఒక ఈమెయిల్ రాసి అడగండి: రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాడితే అది క్లెయిమ్‌గా నమోదవుతుందా, రెన్యువల్ ప్రీమియం మీద, నో క్లెయిమ్ తగ్గింపు మీద ప్రభావం ఉంటుందా, ఏడాదికి ఎన్నిసార్లు వాడొచ్చు? జవాబు దాచుకోండి. క్లెయిమ్‌గా నమోదు చేసే పాలసీ అయితే, పట్టపగలు ఇంటి ముందు దిగిన బ్యాటరీకి దాన్ని వాడను, పక్కవాళ్ల కేబుళ్లు అడుగుతాను. రాత్రి హైవే మీదైతే ఏ పాలసీ అయినా వెనకాడను.

మీ దగ్గర ఇదే సౌకర్యం ఇంకో చోట కూడా ఉందేమో చూసుకోండి. కొత్త కారుకు తయారీదారు ఇచ్చే అసిస్టెన్స్, కొన్ని క్రెడిట్ కార్డులతో వచ్చేది, మోటార్ క్లబ్ సభ్యత్వం. అలాంటి క్లబ్బుల్లో అమెరికాలోని ట్రిపుల్ ఏ 1902లోనూ, బ్రిటన్‌లోని ఏఏ 1905లోనూ మొదలయ్యాయి. క్లబ్బుల్లో సాధారణంగా హక్కు మనిషిది, మీరు ఏ కారులో ఉన్నా వస్తారు. పాలసీ యాడ్-ఆన్‌లో హక్కు చాలావరకు ఆ కారుది. స్నేహితుడి బండిలో వెళ్తూ మీ పాలసీ మీద పిలిస్తే రారు, మీ బండి మీ తమ్ముడు నడుపుతుంటే వస్తారు. తయారీదారు అసిస్టెన్స్ గడువు ఉన్నంతకాలం బ్రేక్‌డౌన్‌కు ముందు అదే వాడండి. బండి వాళ్ల సర్వీస్ సెంటర్‌కే వెళ్తుంది, పాలసీ జోలికి పోనక్కర్లేదు. కంపెనీ మార్చినప్పుడు, ఆన్‌లైన్‌లో త్వరగా రెన్యువల్ చేసినప్పుడు ఈ యాడ్-ఆన్ టిక్కు పడకుండా జారిపోతుంటుంది. డెస్క్‌లో నేను చెప్పాల్సివచ్చిన మాటల్లో అన్నిటికన్నా కష్టమైనది, అండీ, ఈ ఏడాది మీ పాలసీలో అది లేదు అనేది. వానలో రోడ్డు మీద నిలబడినవాళ్లకు ఆ మాట చెప్పడం ఎవరికీ ఇష్టముండదు.

మీ పాలసీ షెడ్యూల్‌లో ఆ యాడ్-ఆన్ కింద ఉన్న పేరా, తిరస్కరించిన లేఖ రెండూ ఇక్కడ పెట్టగలిగితే చదివి, అప్పీలులో ఏ వాక్యం మీద నిలబడాలో చెబుతాను. పేరు, పాలసీ నంబరు, బండి నంబరు కనిపించకుండా కొట్టేసి పెట్టండి.